హెచ్చరిక జిల్లాకు.. దెబ్బ ఊరికి!

వేసవి గాలివానను ముందే పసిగట్టగలమా?
జిల్లా పేరు ఒక రోజు ముందు చెప్పగలరు.. ఊరి పేరు తేలేది చివరి అరగంటలోనే
ఆ అరగంటే సరిహద్దు పల్లెలకు ప్రాణాధారం

చోరనూరు (సండూరు తాలూకా): మధ్యాహ్నం మూడు దాటింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆకు కదలడం లేదు. ఒళ్లంతా జిగట చెమట. పొద్దున సండూరు కొండల మీద దూదిపింజల్లా కనిపించిన మబ్బులు ఇప్పుడు గోపురాల్లా లేచాయి. ఇంకో గంటకు ఆకాశం ఒక మూల నల్లబడుతుంది. ఉన్నట్టుండి చల్లగాలి మొహానికి కొడుతుంది. హమ్మయ్య అనుకునేలోపే దుమ్ము లేస్తుంది.. రేకులు ఎగురుతాయి.. కరెంటు పోతుంది. వెనకే టపటపా వడగళ్లు. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోతుంది. వాన వెలిశాక బయటికొచ్చి చూస్తే చెట్టు రోడ్డుకు అడ్డంగా, తోటలో కాయంతా నేల మీద!

ఏప్రిల్, మే నెలల్లో చోరనూరు హోబళి పల్లెలకు ఇది కొత్త కాదు. అశ్విని, భరణి, కృత్తిక కార్తెల వానల కోసం ఆకాశం వైపు చూసే రైతే ఆ వాన వెంట వచ్చే గాలికి భయపడతాడు. భరణి వాన పడితే నేల పండుతుందన్న సామెత ఇటు కన్నడంలోనూ ఉంది, అటు తెలుగులోనూ ఉంది. చెట్టు మీద కాయ, కళ్లంలో గింజ ఉన్నవాడికి మాత్రం అదే వాన గుండెదడ.

పొద్దున ఫోన్ తీస్తే ‘బళ్లారి జిల్లాకు ఎల్లో అలర్ట్’ అని కనిపిస్తుంది. రైతు అడిగేది ఒకటే మాట.. ‘జిల్లా సంగతి సరే, ఇంతకీ మా ఊళ్లో పడుతుందా, పడదా?’ ఆ ప్రశ్నకు జవాబు వెతికితే వాతావరణ శాస్త్రం ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

ద్రోణి అంటే ఇదీ..

వేసవి వార్తల్లో తరచూ వినిపించే మాట ‘ద్రోణి’. విదర్భ ప్రాంతం నుంచి కర్ణాటక లోపలి జిల్లాల మీదుగా తమిళనాడు వరకు అల్పపీడనం గీత గీసినట్టు బారుగా ఏర్పడుతుంది. దానికి ఒక పక్క బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమగాలి, మరో పక్క వాయవ్యం నుంచి దిగే పొడిగాలి. రెండూ కలిసే చోట గాలికి పైకి లేవడం తప్ప వేరే దారి ఉండదు. బళ్లారి, చిత్రదుర్గ, అనంతపురం జిల్లాలు తరచూ ఈ గీతకు దగ్గరలోనే ఉంటాయి.

గాలివాన పుట్టడానికి మూడు దినుసులు కావాలి. నేల దగ్గర తేమ, పైన చల్లదనం, కింది గాలిని పైకి నెట్టే శక్తి. ఎండకు కాగిన నేల, కొండ వాలు, ద్రోణి.. వీటిలో ఏదైనా ఆ నెట్టే పని చేస్తుంది. పొద్దున పూట కొంత ఎత్తులో వెచ్చని గాలి పొర ఒకటి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. ఆ మూత మధ్యాహ్నం దాకా గట్టిగా ఉంటే లోపల ఆవిరి కూడుతూనే ఉంటుంది. సాయంత్రం లేచిందంటే ఒక్కసారిగా పొంగుతుంది. అసలు లేవకపోతే చుక్క పడదు. అందుకే ఒకే రకం ఉక్కపోతలో ఒక రోజు బీభత్సం, మరుసటి రోజు ఉత్త ఉరుములే!

రాయి పైనుంచి.. గాలి కూడా పైనుంచే

కన్నడంలో ఆలికల్లు, తెలుగులో వడగళ్లు. రెండు భాషలూ దాన్ని రాయిగానే చూశాయి. ఈ కాలంలో మన పీఠభూమి మీద దాదాపు 5 కిలోమీటర్ల ఎత్తుకు వెళితే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు పడిపోతుంది. ఉరుముల మబ్బు 12 కిలోమీటర్లు దాటి లేస్తుంది. సున్నా కన్నా చల్లబడినా గడ్డకట్టని నీటి చుక్కలు ఆ మబ్బులో బోలెడు ఉంటాయి. పైకి ఎగదన్నే గాలి చిన్న మంచు పలుకును అక్కడే ఆపి ఉంచితే, ఆ నీళ్లు దానికి పొరలు పొరలుగా అంటి గడ్డకడతాయి. ఇక మోయలేనంత బరువైనప్పుడు రాలుతుంది. రెండు సెంటీమీటర్ల గడ్డ నేలను తాకేసరికి వేగం గంటకు 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కాయకు మచ్చ పడటానికి, ఆకు చిల్లులు పడటానికి అది చాలు.

అన్ని మబ్బుల్లోనూ వడగళ్లు నేలదాకా రావు. వెచ్చని గాలిలో కిందికి దిగుతూ చాలావరకు కరిగిపోతాయి. ఆ కరగడమే మరో ముప్పు తెస్తుంది. మంచు కరగడానికి, వాన చుక్క ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటాయి. చల్లబడిన గాలి బరువెక్కి కుండ బోర్లించినట్టు దబ్బున కిందికి పడుతుంది. నేలను కొట్టి నాలుగు దిక్కులకూ చిమ్ముతుంది. మన వైపు మబ్బు అడుగుకూ నేలకూ మధ్య గాలి బాగా పొడిగా ఉంటుంది గనుక ఈ దెబ్బ మరీ ఎక్కువ. చుక్క వాన పడకుండానే రేకులు లేచిపోవడానికి కారణం ఇదే.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసి ఎన్నో ఏళ్లు కాలేదు. 1975 జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం ఉరుముల వానలో కూలింది. ఆ ప్రమాదాన్ని పరిశోధించిన షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా, మబ్బు నుంచి కిందికి విరుచుకుపడే గాలే కారణమని తేల్చారు. అంతకు ముందే సుడిగాలి నష్టాన్ని విమానంలోంచి పరిశీలిస్తూ, కొన్నిచోట్ల చెట్లు సుడి తిరిగినట్టు కాకుండా ఒక చోటు నుంచి చుట్టూ విరజిమ్మినట్టు పడి ఉండటం ఆయన గమనించారు. ఆ గుర్తును మన పొలంలోనూ చూడొచ్చు. పడిన చెట్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటే అది సుడిగాలి కాదు.. పైనుంచి పడిన గాలి.

గాలి వేగం విషయంలో ఒక లెక్క గుర్తుంచుకోవాలి. వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలికి ఊగే రేకు 80 కిలోమీటర్ల గాలికి ఊడుతుంది.

పొద్దున బెలూను.. సాయంత్రం మబ్బు

భారత వాతావరణ శాఖ (ఐఎండీ) 1875లో మొదలైంది. ఇప్పుడు అంచనా మెట్లు మెట్లుగా సాగుతుంది.

మొదటి మెట్టు బెలూను. తెల్లవారి 5.30కి, సాయంత్రం 5.30కి బెలూన్లు ఎగరేస్తారు. పైకి పోయేకొద్దీ వేడి, తేమ, గాలి ఎలా ఉన్నాయో వాటికి కట్టిన పరికరాలు చెబుతాయి. ఆ రోజు మబ్బుకు ఎంత దమ్ము ఉండగలదో పొద్దుటి లెక్కతోనే అంచనా కడతారు. చిక్కు ఏమిటంటే బెలూను వెళ్లేది తెల్లవారి, మన గాలివాన వచ్చేది సాయంత్రం. మధ్యలో పది గంటలు ఎండ కాస్తుంది, తేమ మారుతుంది.

రెండో మెట్టు కంప్యూటర్ నమూనాలు. 2025 మే 26న కేంద్రం ‘భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్’ను అందుబాటులోకి తెచ్చింది. పుణెలోని ఐఐటీఎం దీన్ని రూపొందించింది. అంతకు ముందు దేశాన్ని 12 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి లెక్క కట్టేవారు. ఇందులో గడి 6 కిలోమీటర్లు. మంచి ముందడుగే. కానీ ఒక ఉరుముల మబ్బు వెడల్పు చాలాసార్లు పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఒకటి రెండు గడుల్లో ఇరుక్కునే మబ్బును, అది ఇంకా పుట్టకముందే, ఫలానా ఊరి మీద అని చూపడం ఈ నమూనాకూ కష్టమే.

మూడో మెట్టు ఉపగ్రహం, రాడార్. 2024 ఫిబ్రవరి 17న పంపిన ఇన్సాట్-3డీఎస్ వంటి ఉపగ్రహాలు మబ్బు తల ఎంత చల్లబడిందో చూస్తాయి. తల ఎంత చల్లబడితే మబ్బు అంత ఎత్తు లేచినట్టు. డాప్లర్ రాడార్ మబ్బు లోపలికే చూస్తుంది. వడగళ్లు ఉన్నాయా, గాలి ఎటు కదులుతోంది అన్నది పట్టిస్తుంది. వీటి ఆధారంగానే రాబోయే మూడు గంటలకు ఐఎండీ తక్షణ సూచన ఇస్తుంది. వార్తల్లో ‘నౌకాస్ట్’ అనేది దీన్నే.

రాడార్‌కూ దూరభారమే

హైదరాబాద్ డాప్లర్ రాడార్ చోరనూరుకు 300 కిలోమీటర్ల పైమాటే. గోవా రాడార్ కూడా దాదాపు అంతే దూరం. రాడార్ కిరణాన్ని నేలకు దాదాపు సమాంతరంగా, అర డిగ్రీ పైకి ఎత్తి పంపుతారు. కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమి మాత్రం వంగిపోతుంది. ఫలితంగా 300 కిలోమీటర్ల దూరానికి ఆ కిరణం నేల నుంచి దాదాపు 8 కిలోమీటర్ల ఎత్తున పోతుంది. అంటే అంత దూరపు రాడార్‌కు కనిపించేది మబ్బు తలే. కింది కిలోమీటరులో విరుచుకుపడే గాలి దాని కంటికి ఆనదు. రాడార్లు దగ్గర దగ్గరగా ఉండాలని శాస్త్రవేత్తలు కోరేది ఇందుకే. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,000 కోట్ల రూపాయలతో ఆమోదించిన ‘మిషన్ మౌసమ్’ లక్ష్యాల్లో రాడార్ల సంఖ్య పెంచడం కూడా ఒకటి.

మరి ఊళ్లలో ఉన్న వాతావరణ యంత్రాల మాటేమిటి? కర్ణాటక ఈ విషయంలో ముందుంది. 1988లో కరవు పర్యవేక్షణ విభాగంగా మొదలైన సంస్థే ఇప్పటి కర్ణాటక రాష్ట్ర ప్రకృతి వైపరీత్యాల పర్యవేక్షణ కేంద్రం. గ్రామ పంచాయతీ స్థాయిలో వర్షమాపకాలు, హోబళి స్థాయిలో వాతావరణ కేంద్రాలు పెట్టి ఎప్పటికప్పుడు వివరాలు సేకరిస్తోంది. అయితే ఇవి చెప్పేది పడిన వాన సంగతి, వీచిన గాలి సంగతి. కొలవడం వేరు, ముందే చెప్పడం వేరు. పరిహారం లెక్క తేలాలంటే ఇవి కావాలి. ముందు జాగ్రత్తకు ఇవొక్కటే చాలవు.

‘అలర్ట్ ఇచ్చారు.. పడలేదు!’

ఇది ఊరూరా వినిపించే మాట. ఇందులో నిజమూ ఉంది, పొరపాటూ ఉంది. ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి అని. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి అని. రెడ్ అంటే వెంటనే కదలండి అని. ఇవన్నీ జిల్లా మొత్తానికి ఇచ్చేవి. 2021లో విజయనగర జిల్లా విడిపోయాక కూడా బళ్లారి జిల్లా వేల చదరపు కిలోమీటర్లు ఉంది. అందులో ఒక గాలివాన తాకేది సన్నటి బాట మాత్రమే. సిరుగుప్పలో కోతకొచ్చిన వరి నేలకొరిగిన రోజే చోరనూరులో చుక్క పడకపోవచ్చు. అంతమాత్రాన హెచ్చరిక తప్పు కాదు. కానీ నాలుగుసార్లు పడకపోతే ఐదోసారి ఎవరూ పట్టించుకోరు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అందుకే ఊరి స్థాయి అంచనా మీద ఇప్పుడు దృష్టి పడింది. 2024 అక్టోబరు 24న కేంద్ర పంచాయతీరాజ్ శాఖ, ఐఎండీ కలిసి గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచనను ప్రారంభించాయి. ‘మేరీ పంచాయత్’ యాప్‌లో చూడొచ్చు. వేడి, తేమ, వాన అవకాశం వరకు ఇది ఉపయోగమే. గాలివాన బాట మాత్రం పుట్టిన తరవాతే తెలుస్తుంది.

మబ్బుకు గీత లేదు.. మెసేజ్‌కు ఉంది

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. మిగిలినవి మైసూరు రాష్ట్రంలో కలిశాయి. మనుషులు, చుట్టరికాలు, సంతలు మాత్రం విడిపోలేదు. మబ్బులూ అంతే. రాయదుర్గం వైపు లేచిన మబ్బు చోరనూరు దాకా రావచ్చు, ఇక్కడ లేచింది అటు పోవచ్చు.

హెచ్చరికల దారి వేరు. ఐఎండీ లెక్కలో బళ్లారి దక్షిణ కర్ణాటక ఒళనాడులో ఉంది. రాయదుర్గం ఉన్న అనంతపురం జిల్లా రాయలసీమలో ఉంది. ఒక బులెటిన్ బెంగళూరు నుంచి, ఇంకోటి అమరావతి నుంచి. ఉత్తర కర్ణాటక పట్టికలో బళ్లారి పేరు వెతికి, కనపడక ‘మనకేం లేదులే’ అనుకునేవారికి ఈ సంగతి తెలియాలి. ఇక ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగు ముప్పును మండలాల పేర్లతో తెలుగులో చెబుతుంది. ఆ మండలాల జాబితా రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. తెలుగు టీవీ మాత్రమే చూసే ఇంట్లో రాయలసీమ వార్త తెలుస్తుంది, సొంత జిల్లా వార్త తెలియదు. చివరికి రాయదుర్గంలో ఉన్న అల్లుడు ఫోన్ చేసి, ‘మామా, మా దిక్కు ఉరుముతోంది, మీ వైపు మబ్బుందా?’ అని అడిగితే అదే హెచ్చరిక!

నవ్వుకోనక్కర్లేదు. అది పనికొచ్చే హెచ్చరికే. గంటకు 30-40 కిలోమీటర్ల వేగంతో కదిలే మబ్బు 20 కిలోమీటర్లు రావడానికి అరగంట పైనే పడుతుంది. పుణె ఐఐటీఎం రూపొందించిన ‘దామిని’ యాప్ పనిచేసేది కూడా ఇదే లెక్క మీద. మనం ఉన్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాల్లో పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. కర్ణాటక సంస్థ తెచ్చిన ‘సిడిలు’ యాప్ కూడా పిడుగుల కోసమే. సిడిలు అంటే కన్నడంలో పిడుగనే. మెరుపుల సంఖ్య ఉన్నట్టుండి ఎగబాకితే ఆ మబ్బు బలపడుతోందని, కాసేపట్లో వడగళ్లో పెనుగాలో రావచ్చని శాస్త్రవేత్తలు గుర్తించారు. రాడార్ దూరమైన చోట మెరుపే రాడార్ అన్నమాట.

నిర్లక్ష్యానికి మూల్యం

ఇది ఎంత పెద్ద విషయమో అనుభవాలే చెబుతాయి. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ వద్ద వడగళ్ల వానకు 246 మంది చనిపోయారు. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో వడగళ్లకు అత్యధిక ప్రాణనష్టం అదే. 2014 ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక జిల్లాల్లో వడగళ్లు తోటలను, రబీ పంటలను తుడిచిపెట్టాయి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడినట్టు ఆ రాష్ట్ర విపత్తుల సంస్థ లెక్కించింది. 2023 మార్చి 16న తెలంగాణలోని వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేల మంచు పరిచినట్టు తెల్లబడింది. 2024 మే 26న నాగర్‌కర్నూల్ తదితర జిల్లాల్లో ఈదురుగాలులకు పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గోడలు కూలి పోయినవారూ అందులో ఉన్నారు.

ఒక తేడా గమనించాలి. తోటలో కాయను అరగంటలో కాపాడలేం. మనిషిని, పశువును కాపాడొచ్చు. కళ్లంలో గింజను కప్పొచ్చు. ఎల్లో రంగు చూసి పొద్దున చేయాల్సిన పని వేరు, మెరుపు చూసి సాయంత్రం చేయాల్సిన పని వేరు. రెండూ కలిస్తేనే హెచ్చరికకు అర్థం.

ఏం చేయాలి?

అలర్ట్ వచ్చిన రోజు పొద్దున..

* కోసిన పంటను మధ్యాహ్నంలోపు కుప్ప వేసి టార్పాలిన్ కప్పాలి. అంచులకు బరువు పెట్టాలి.
* కదులుతున్న రేకులకు మేకులు, తీగలు బిగించాలి. రేకుల మీద వదులుగా పెట్టిన రాళ్లు దించేయాలి. గాలికి ముందుగా తల మీద పడేది అవే.
* మందు పిచికారీ, ఎరువు చల్లడం వాయిదా వేసుకోవాలి.
* ఫోన్ చార్జింగ్ పెట్టుకోవాలి. గాలి లేస్తే ముందు పోయేది కరెంటే.

మబ్బు లేచాక..

* మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టాలి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్లలోపే ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు. వెంటనే పక్కా ఇంట్లోకి వెళ్లాలి.
* చెట్టు కింద నిలబడొద్దు. పశువులను చెట్టుకు, ఇనుప కంచెకు కట్టొద్దు.
* పాత మట్టి గోడ, సగం కట్టిన గోడ, హోర్డింగ్ పక్కన తలదాచుకోవద్దు.
* బైక్ మీద ఉంటే ఆపి భవనంలోకి వెళ్లాలి. కారులో ఉంటే అద్దాలు ఎక్కించి లోపలే ఉండాలి.
* చివరి ఉరుము తరవాత అరగంట దాకా పొలానికి వెళ్లొద్దు. తెగిన కరెంటు తీగ దగ్గరికి అసలే పోవద్దు.

నష్టం జరిగితే..

* ప్రధానమంత్రి ఫసల్ బీమా కింద నమోదైన పంటకు వడగళ్ల దెబ్బ తగిలితే 72 గంటల్లోగా తెలపాలి. బీమా సహాయవాణి 14447. పొలంలో నష్టాన్ని తేదీ కనిపించేలా ఫొటో తీసి పెట్టుకోవాలి. గ్రామ పరిపాలన అధికారికి, రైత సంపర్క కేంద్రానికి కూడా తెలపడం మంచిది.

ఊరికి ఒక గొంతు ఉంటే..

యాప్‌లు ఉన్నాయి, బులెటిన్లు ఉన్నాయి, నడిచే యంత్రాలూ ఉన్నాయి. లేనిది ఒక్కటే.. పొలంలో వంగి కలుపు తీస్తున్న మనిషి చెవిన ఆ మాట పడే ఏర్పాటు. ఆమె చేతిలో స్మార్ట్ ఫోన్ ఉండకపోవచ్చు. ఉన్నా అది చెట్టుకొమ్మకు తగిలించిన సంచిలో ఉంటుంది. వచ్చిన సందేశం ఆమె చదవగలిగే భాషలో లేకపోవచ్చు.

దీనికి కోట్లు అక్కర్లేదు. ఊళ్లో ఒకరు మెరుపుల పటం చూస్తూ ఉండి, 20 కిలోమీటర్ల వలయంలోకి మబ్బు రాగానే గుడి మైకులోనో, మసీదు మైకులోనో, పంచాయతీ మైకులోనో కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెబితే చాలు. పాఠశాలలో పిల్లలకు సెకన్ల లెక్క నేర్పితే ప్రతి ఇంట్లో ఒక వాతావరణ కేంద్రం ఉన్నట్టే.

రేపు వాన వస్తుందా అన్నది పైవాళ్లు చెప్పాలి. వచ్చే అరగంటలో ఏం చేయాలన్నది ఊరే తేల్చుకోవాలి. ఇంకోసారి ఫోన్‌లో ‘ఎల్లో’ కనిపించినప్పుడు ‘ఎప్పుడూ ఇంతేలే’ అని పక్కన పెట్టకుండా, సాయంత్రం నాలుగింటికి ఒక్కసారి కొండల వైపు తల తిప్పి చూస్తే.. ఆ చూపే ఒక ప్రాణాన్ని నిలబెట్టొచ్చు.